గడియకు రెండర్థాలు

నా పాస్‌పోర్టులో కొట్టిన వీసా ప్రకారం నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. యూనివర్సిటీ ఇచ్చిన పట్టా ప్రకారం తెలుగు ఎమ్మేని. రెండూ అసలైన కాగితాలే, రెండిటి మీదా ముద్రలున్నాయి. నకిలీ నేనొక్కణ్ణే.

బొంబాయిలో ఏజెంటు ఆఫీసుకు నేను చేరేసరికి క్లర్కు వీసాలు అయిపోయాయి. ఫ్రిజ్ మెకానిక్ వీసాలు రెండు మిగిలాయి. "మీకు టైపొచ్చు, ఇంగ్లీషొచ్చు. అక్కడికెళ్ళాక ఎలాగూ కుర్చీలోనే కూర్చోబెడతారు. వీసాలో ఏం రాసుందో ఎవడు చూస్తాడండీ?" అన్నాడాయన. ఆయనదీ మా గోదావరి జిల్లాయే కాబట్టి నమ్మాను. అప్పటికి మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా వీధిలో ఒకరింట్లో మాత్రం ఉండేది. దాన్ని ముందు హాల్లో టీవీ పక్కన నిలబెట్టి, నెత్తిన ప్లాస్టిక్ పూలు పెట్టారు. ఫ్రిజ్ గురించి నా పరిజ్ఞానం ఆ పూల దగ్గర మొదలై అక్కడే ముగిసింది.

ఏజెంటు చెప్పినట్టే జరిగింది. తొంభైల మొదట్లో మాట. దోహాకూ దుఖాన్‌కూ మధ్య పెద్ద రోడ్డు దిగి ఇసుకలో రెండు మైళ్ళు లోపలికి వెళితే మా కంపెనీ క్యాంపు. మొదటి రోజు మేనేజరు నా చేతులు చూశాడు, కళ్ళద్దాలు చూశాడు, మారుమాట లేకుండా టైప్‌రైటర్ ముందు కూర్చోబెట్టాడు. నా ఉద్యోగం పేరు టైమ్‌కీపర్. పొద్దున్న బస్సు ఎవరెక్కారు, సైట్లో ఎన్ని గంటలు పనిచేశారు, ఓవర్‌టైం ఎంత, ఇవన్నీ షీట్లలో నింపాలి. ఆఫీసు గోడకో పెద్ద గడియారం, నా మణికట్టుకో చిన్న గడియారం. వాటి రెండిటికీ రాజీ కుదర్చడంతో నా డ్యూటీ మొదలయ్యేది. అరవై మందికి కాలాన్ని కొలిచి పంచేవాణ్ణి. నా వంతుది మాత్రం గడిచేది కాదు.

ఆ అరవై మందిలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్ళు. వాళ్ళకు వండిపెట్టేది వాళ్ళలోనే ఒకాయన. నలభై దాటిన మనిషి. తాపీపనికి వచ్చి, రెండో ఏడు స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని బరువులెత్తడానికి ఇక నడుము పనికిరాదన్నారు. ఇంటికి పంపించేయబోతుండగా, సెలవు మీద వెళ్ళిన పాత వంటవాడు తిరిగి రాకపోవడంతో గరిటె ఈయన చేతికొచ్చింది. నడుముకు వెడల్పాటి తోలు బెల్టు బిగించుకుని, స్టూలు మీద కూర్చుని వండేవాడు. నన్ను సారూ అనేవాడు. నేను అన్నా అనేవాణ్ణి.

"గీ గంటె నా చేతుల ఉన్నన్ని దినాలే నేనుంట సారూ," అన్నాడొకసారి పప్పు తిప్పుతూ. "గంటె గుంజుకున్నరంటే నాకు ఈడ పనిలేదు, ఇంటికాడ గూడ లేదు. గీ నడుంతోని నాగలి పడ్తనా, గడ్డపార పడ్తనా?"

నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏ మాటైనా నవ్వుతూనే అనేవాడు కాబట్టి దాన్ని బట్టి ఏమీ తేల్చుకోలేం.

మా స్నేహం గడ్డల దగ్గర కుదిరింది. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకనాడు వంటగది దగ్గర నిలబడితే, "సారూ, గా సంచిలకెల్లి నాలుగు గడ్డలు అందియ్యరాదు?" అన్నాడు. ఏ గడ్డలన్నా అని అడిగాను. వరసగా సంచులు చూపించాడు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఎల్లిగడ్డ, అల్లంగడ్డ.

"మా వైపు గడ్డంటే డాక్టరు కోసి తీసేదన్నా," అన్నాను.

"మరి మీరు కూరల ఏమేస్తరు?"

"ఉల్లిపాయలు."

"పాయలా!" ఆయన గరిటె ఆపేశాడు. "పాయ అంటే మేక కాళ్ళు గద సారూ. మీ దిక్కు ఉల్లికి కాళ్ళొస్తయా?"

ఆ రోజు నుంచి నేను అటువైపు వెళ్ళినప్పుడల్లా, "సారుకు రెండు ఉల్లికాళ్ళు ఎక్కువెయ్యున్రి" అని అరిచేవాడు. నాలుగు వందల పద్యాలు కంఠతా వచ్చినవాణ్ణి, భాష విషయంలో నన్ను ఆటపట్టించిన మొదటి మనిషి ఆయనే. ఆఖరి మనిషి అయినా బాగుండేది.

వంటగదిలో మనిషెత్తు స్టీలు ఫ్రీజరు ఉండేది. ఒకటే తలుపు. దానికి లారీ తలుపుకున్నట్టు బరువైన పిడి, ఆ పిడితో తిరిగే గడియ. వారానికోసారి దోహా నుంచి వ్యాను తెచ్చే కోళ్ళూ, మాంసమూ, చేపలూ అన్నీ అందులోనే. శుక్రవారం సెలవు. సెలవంటే కోడికూర. వారమంతా పప్పూ చారూ తిని ఎండలో కాంక్రీటు మోసిన మనిషికి ఆ కూర ఒక్కటే తనకూ ఒక ఇల్లుందని గుర్తుచేసేది.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఫ్రీజరు వెనక గోడంతా మంచు పేరుకోవడం మొదలైంది. ముందు నూగులాగా, తర్వాత సున్నం కొట్టినట్టు, చివరికి గాలి వచ్చే కంతలన్నీ మూసుకుపోయి ఒకటే పలక. చిత్రమేమంటే లోపల అంత మంచు ఉన్నా, ముందు అరల్లో ఉన్న కోళ్ళు మెత్తబడి నీళ్ళు కారుతున్నాయి. మంచు నిండా ఉంది, చల్లదనం మాత్రం బయటికి రావడం లేదు. నెత్తినిండా చదువుండి అవసరానికి ఒక్క ముక్కా పనికిరాని మనుషులుంటారు చూడండి, అలాగ. పేర్లు చెప్పనక్కర్లేదు.

మూడు పెట్టెల కోళ్ళు వాసనొచ్చాయి. ఇసుకలో గొయ్యి తీసి పూడ్చారు. ఆ శుక్రవారం కూడా పప్పే. తిండి దగ్గర గొడవైంది, పళ్ళేలు ఎగిరాయి, మేనేజరు దోహా నుంచి కారేసుకుని వచ్చాడు. మేమంతా ఆయన్ని ముదీర్ అనేవాళ్ళం. అరబ్బీలో మేనేజరనే అర్థం. ముందు వంటాయన్ని నిలబెట్టి కేకలేశాడు. "మళ్ళీ మాంసం పాడైతే నువ్వు ఇంటికి" అని వేలు చూపించాడు. తర్వాత, నా దురదృష్టం, ఫైలు తెరిచి మనుషుల వీసాల జాబితా మీద అదే వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి నన్ను చూశాడు.

"యూ. ఫ్రిజ్ మెకానిక్. పేపర్ సేయింగ్."

"యెస్ సర్," అన్నాను. ఇంకేమనగలను? కాదంటే ఆ కాగితం అబద్ధం. అబద్ధపు కాగితం మీద వచ్చినవాణ్ణి తిరుగు విమానం ఎక్కించడానికి ఒక్క పూట చాలు.

"యల్లా. క్విక్. మేక్ గుడ్."

నేను స్క్రూడ్రైవరు చేతబట్టుకుని ఫ్రీజరు ముందు నిలబడ్డాను. గుడి తలుపులు మూశాక వచ్చిన భక్తుడిలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వంటాయన స్టూలు మీంచి నన్ను చూస్తూ, చిన్నగా అడిగాడు.

"సారూ, నిజం చెప్పు. నీకు దీని సంగతి ఎర్కేనా?"

"లేదన్నా."

"మంచిదాయె. నాకు గూడ వంట రాకుండె. గంటె ఇచ్చినంక వచ్చింది."

ఆ రహస్యం ఆయన చివరిదాకా ఎవరికీ చెప్పలేదు.

మొదటి వైద్యం ఆయనే చెప్పాడు. కరెంటు తీసేసి సామానంతా బయటపెట్టి, గంజి కాచే తపేలాలో నీళ్ళు మరగబెట్టాం. చెంబులతో ఆ మంచు పలక మీద పోశాం. మధ్యాహ్నానికి పలక పగిలి పెళ్ళలు పెళ్ళలుగా జారింది. "చూసినవా సారూ, గిది గూడ గడ్డనే. మంచుగడ్డ. మీ దిక్కు దీన్నేమంటరు, మంచుపాయనా?" అన్నాడు. ఫ్రీజరు మళ్ళీ గడగడా వణికి చల్లబడింది. కుర్రాళ్ళు నన్ను డాక్టర్ సాబ్ అన్నారు. నేను వద్దనలేదు.

అయిదు రోజులు. ఆరో రోజున వెనక గోడ మళ్ళీ తెల్లబడింది.

మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ అయిదు రోజులు. కారణం తెలియకుండా ఎన్నిసార్లు కరిగించినా అది మళ్ళీ కడుతుందని నాకప్పటికి అర్థమైంది. అల్ మన్సూరాలో ఒక ఫ్రిజ్ రిపేరు దుకాణం ఉందని వ్యాను డ్రైవరు నంబరు తెచ్చిచ్చాడు. ఆఫీసు ఫోన్లో చేశాను. దుకాణదారు పెషావర్ వైపు పఠాన్. వెనకాల సుత్తి దెబ్బలు, బయట హారన్లు, ఆ మధ్యలో ఆయన గొంతు. ఇది ఏసీల సీజను, మూడు వారాల దాకా తల తిప్పుకోవడానికి కూడా తీరిక లేదన్నాడు. బతిమాలితే కొన్ని ప్రశ్నలడిగాడు. మోటారు తిరుగుతోందా? తిరుగుతోంది. లోపల ఫ్యాను? తిరుగుతోంది. మంచు వెనకవైపే కడుతోందా? వెనకవైపే.

"తో ఘడీ హై," అన్నాడు వెంటనే. "ఘడీ అటక్ గయీ. హాథ్ సే ఘుమావ్. టక్ బోలేగీ. టక్ బోలీ తో సమఝో కామ్ హో గయా."

ఫోన్ పెట్టేశాడు.

నా హిందీ రైలు ప్రయాణాల హిందీ. అయినా ఈ వాక్యాలు నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యాయి. అటక్ అంటే మన అటక కాదని, ఇరుక్కుపోవడమని కూడా నాకు తెలుసు. ఆ సంగతి తెలిసినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. ఇక గడి. మా వైపు తలుపు గొళ్ళేన్ని గడి అంటాం, గడియ అంటాం. గడి ఇరుక్కుపోయింది, చేత్తో తిప్పు, టక్కుమంటుంది, అంటే పని అయిపోయినట్టే. తలుపు సరిగ్గా పడకపోతే బయటి తడిగాలి లోపలికెళ్ళి మంచు కడుతుంది. ఎంత సులువైన విషయం. ఇంత పెద్ద గడియ కళ్ళ ముందుంటే వేడినీళ్ళు కాచుకుంటూ కూర్చున్నామే అనిపించింది.

వంటగదికి పరుగెత్తాను.

"ఏమన్నడు సారూ పఠాను?"

"తలుపు గడియ పాడైందటన్నా. అది సరిగ్గా పడడం లేదట."

నేను చెప్పిన వాక్యం అదే. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా అదే. పఠాన్ అన్న మాట ఆయనకు అన్నట్టుగా చెప్పలేదు. ఎమ్మే చదివినవాణ్ణి కదా, అనువదించి చెప్పాను.

పిడి తిప్పి చూస్తే నిజంగానే కాస్త బిగువుగా ఉంది. ఇసుక గాలికి ఏ గడియైనా అలాగే ఉంటుంది. విప్పి, తుడిచి, నూనె పోసి, తలుపు అంచుకు లారీ ట్యూబు ముక్కలు కోసి అంటించి, మళ్ళీ బిగించాను. తిప్పాను. టక్. పఠాన్ చెప్పిన టక్. వంటాయన కూడా తిప్పాడు. టక్. ఇద్దరం పిల్లల్లా అయిదారుసార్లు తిప్పాం.

ముదీర్‌కు రాతపూర్వకంగా రిపోర్టు కావాలి. ఇక్కడ నా కలం కదిలింది. తలుపు గడియ సరిగ్గా పడక, తలుపు తెరుచుకుని ఉండిపోవడం వల్ల మంచు పేరుకుంటోందని, ఇప్పుడు గడియను బాగుచేశామని ఇంగ్లీషులో టైపు చేసి సంతకం పెట్టాను. అంతటితో ఊరుకున్నానా? అడక్కపోయినా గళ్ళు గీసి ఒక రిజిస్టరు తయారు చేశాను. తేదీ, తలుపు గడియ తనిఖీ, సంతకం, రిమార్క్స్. రోజూ పొద్దున్న నేనే తనిఖీ చేసి సంతకం పెడతానని పై నోట్‌లో రాశాను. ముదీర్ దాన్ని చూసి తలాడించాడు. ఆ దేశంలో నా చదువుకు దక్కిన ఏకైక ప్రశంస ఆ తలాడింపే.

వారం తిరక్కుండా మంచు మళ్ళీ కట్టింది.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసింది. గడియ బాగుంది, నా చేత్తోనే బాగుచేశాను, రోజూ తనిఖీ చేసి సంతకం పెడుతున్నాను. మరి మంచెందుకు కడుతోంది? గడియ తప్పు కాకపోతే అది వేసే చేతి తప్పు అయ్యుండాలి. ఈ ఆలోచన ముందు ఎవరికొచ్చిందంటే నాకే. ముదీర్‌కు కాదు.

"అన్నా," అన్నాను నెమ్మదిగా, "ఏమీ అనుకోకు. నడుం నొప్పి కదా, తలుపు గట్టిగా నెట్టలేకపోతున్నావేమో. ఒక్కోసారి సగం పడి ఉండిపోతోందేమో."

ఆయన గరిటె పక్కన పెట్టాడు. తలుపు వంక చూశాడు. "ఏమో సారూ. మంచిగనే ఏస్తున్న అనుకుంట. కాని నొప్పి లేసినప్పుడు మతి ఉండది. మర్శిపోతున్ననేమో."

మరునాటి నుంచి స్టూలు తీసుకెళ్ళి ఫ్రీజరు తలుపుకు ఆనించి వేసుకున్నాడు. తలుపుకు వీపు ఆన్చి కూర్చుని, పొయ్యికి చెయ్యి అందక ముందుకు సాగి వండేవాడు. అలా సాగినప్పుడల్లా పళ్ళు బిగపట్టడం కనిపించేది. తలుపు తీసిన ప్రతిసారీ మళ్ళీ వేసి, "టక్ అన్నది సారూ, ఇన్నవా?" అని అరిచేవాడు. నేను ఆఫీసులోంచి "విన్నానన్నా" అనేవాణ్ణి.

ఆ నెలలో రెండోసారి మాంసం పోయింది. ముదీర్ వచ్చాడు. నా రిపోర్టు బల్ల మీద పరిచి, వాక్యం వాక్యం వేలితో చూపిస్తూ తన తర్కం వినిపించాడు. తలుపు తెరిచి ఉండడం వల్ల మంచు. మెకానిక్ గడియ బాగుచేశాడు. రోజూ చూస్తున్నాడు, సంతకాలున్నాయి. గడియ గుడ్. మంచు మళ్ళీ వచ్చింది. అయితే తలుపు ఎవరు తెరిచి ఉంచుతున్నారు?

వంటాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాఫీ ముదీర్, మాఫీ. నేను బంద్ జేసిన. మొత్తం బంద్." అరబ్బీలో మాఫీ అంటే లేదని; తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ వాడేశాడు. తర్వాత నా వైపు చూశాడు. సాక్ష్యం చెప్పమని అడిగిన చూపు కాదు. నాకైనా తెలుసేమో అన్నట్టు చూశాడు.

నేను రిపోర్టు వైపు చూశాను. నాకు తెలుసనే అనుకున్నాను. ఆయనే మరిచిపోతున్నాడని నేను నమ్మాను కూడా.

"ఖలాస్," అన్నాడు ముదీర్. "క్యాన్సిల్."

పాస్‌పోర్టు వీసా రద్దు ముద్రకు దోహా వెళ్ళింది. టికెట్టు వచ్చేదాకా వంట చేస్తూనే ఉండమన్నారు. ఆయన అలాగే చేశాడు, కూరలో ఉప్పు కూడా తగ్గలేదు. ఒక్క తేడా, మాటలు తగ్గాయి. ఉల్లికాళ్ళ జోకు ఆగిపోయింది. స్టూలు మాత్రం తలుపు దగ్గరే ఉంది. ఉద్యోగం పోయాక కూడా ఆ తలుపుకు వీపు ఆన్చి కాపలా కాస్తూనే ఉన్నాడు.

బుధవారం ఆయన ప్రయాణం. మంగళవారం మధ్యాహ్నం, నేను మర్చిపోయిన మనిషి వచ్చాడు. పఠాన్. మూడు వారాలన్నవాడు అయిదు వారాలకు, భుజాన సంచీతో. వంటాయన స్టూలు పక్కకు జరుపుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పఠాన్ తలుపు వైపు చూడనైనా లేదు. నేల మీద చతికిలబడి, ఫ్రీజరు అడుగునున్న ఇనుప జాలీ నాలుగు స్క్రూలు విప్పాడు. నేను ఆ జాలీని రెండు నెలలుగా రోజూ చూస్తున్నాను. అది అందం కోసం పెట్టారనుకున్నాను.

జాలీ వెనకాల, దుమ్ములో, గుండ్రటి తెల్లటి ముఖంతో ఒక గడియారం ఉంది.

నిజమైన గడియారం. చుట్టూ ఇరవై నాలుగు గంటల అంకెలు. ఎప్పుడో తొమ్మిది దగ్గర ఆగిపోయింది. పఠాన్ ఓపిగ్గా చెప్పాడు. ఇది తిరుగుతూ రోజుకు మూడుసార్లు మోటారును ఆపి, లోపలి హీటరును వెలిగిస్తుంది. ఆ వేడికి మంచు కరిగి కింది గొట్టంలోంచి పోతుంది. ఇది ఆగిపోతే కరిగించేవాడు లేడు, మంచు కడుతూనే ఉంటుంది. వేలితో ఆ గుండ్రటి ముఖాన్ని కొంచెం తిప్పాడు.

టక్.

మోటారు ఆగింది. లోపలెక్కడో చిటపటలాడింది. కాసేపటికి వెనకనున్న పళ్ళెంలో మొదటి నీటిచుక్క పడింది.

"ఫోన్ పే బోలా థా నా మైనే," అన్నాడు పఠాన్, నా మీద కోపమేమీ లేకుండా. "ఘడీ."

ఘడీ. గడియారం. గడియ అంటే కాలమానం, ఇరవై నాలుగు నిమిషాలు. గడియ అంటే తలుపుకు వేసే గొళ్ళెం కూడా. ఈ రెండర్థాలూ పక్కపక్కన రాసి ఒకప్పుడు పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పైగా టైమ్‌కీపర్‌ని. అరవై మంది గంటలు కాపాడడానికి జీతం తీసుకుంటూ, ఉన్న రెండర్థాల్లో నాది కానిదాన్ని ఏరి పట్టుకున్నాను.

వంటాయన కత్తి కింద పెట్టాడు.

"సారూ, గాయిన ఫోన్ల ఏమన్నడు?"

ఈసారి అనువదించలేదు. "ఘడీ అటక్ గయీ, హాథ్ సే ఘుమావ్ అన్నాడన్నా."

ఆయన నా మొహంలోకి చూశాడు. "గడీ అంటే గడియారం గద సారూ. హైద్రాబాద్ల రిక్షా తొక్కెటోడు గూడ చెప్తడు."

"మా వైపు గడి అంటే తలుపుదన్నా."

"మా దిక్కు గడి అంటే దొరది. దొర ఉండే బంగ్లా." నవ్వొచ్చింది ఆయనకు. పది రోజుల తర్వాత మొదటిసారి. "తలుపుది మీకు, దొరది మాకు, టైముది పఠానుకు. నన్నడిగితే ఐపోతుండె గద సారూ. నన్నేంది, ఈడ ఎవన్నడిగినా చెప్తుండె."

నిజం. బంగ్లాదేశ్ కుర్రాళ్ళు చెప్పేవాళ్ళు, నేపాలీలు చెప్పేవాళ్ళు. ఆ క్యాంపులో అరవై మందికి తెలిసిన మాట నా ఒక్కడికే తెలియదు. అది నేను ఎవరి చెవిన పడనిచ్చినా సరిపోయేది.

ఆయన ఫ్రీజరు దగ్గరికి వచ్చి, వంగలేక వంగి, ఆ గడియారాన్ని చూశాడు. పళ్ళెంలో పడుతున్న చుక్కల్ని చూశాడు. తర్వాత, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "అయితే నేను తలుపు మంచిగనే బంద్ జేసిన," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "మంచిగనే బంద్ జేసిన."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటలో నా ఊసే లేదు.

నేను ముదీర్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళాననే చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ చేసిందేమీ లేదు. ఫ్రీజరులో గడియారం పాడైంది సర్, తలుపు కాదు, వంటవాడి తప్పు లేదు అన్నాను. ఆయన ఫైలులోంచి నా రిపోర్టు తీశాడు. "డోర్ ఎవరు రాశారు?"

నా సంతకం మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. నాకు హిందీ సరిగ్గా రాదు సర్, అసలు నేను మెకానిక్‌నే కాదు సర్, అనాలి. ఆ రెండు వాక్యాలూ ఇంగ్లీషులో కూడా సిద్ధంగా ఉన్నాయి, వ్యాకరణం కూడా సరిచూసుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది వేరు. "మెకానిక్ ఫోన్లో తప్పు చెప్పాడు సర్."

పఠాన్ అప్పటికి తన వ్యానులో అల్ మన్సూరా దారిలో ఉన్నాడు. అతనికి తెలుగు రాదు, నా రిపోర్టు గురించి తెలియదు. తప్పు మోయడానికి అంత అనువైన మనిషి దొరకడు.

ముదీర్ భుజాలెగరేశాడు. ముద్ర పడిపోయింది, టికెట్టు వచ్చేసింది, కొత్త వంటవాడు శుక్రవారం దిగుతున్నాడు. "ఖలాస్." నేను గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, "ఫ్రిజ్ గుడ్ నౌ?" అన్నాడు.

"గుడ్ సర్."

"గుడ్ మెకానిక్," అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. ఆయనకు ఒక సూట్‌కేసు, తాళ్ళు చుట్టిన ఒక దుప్పటి. సూట్‌కేసు నేనే ఎత్తి వ్యానులో పెట్టాను. అదొక్కటే నావల్ల జరిగిన సాయం. ముదీర్ దగ్గర ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తలాడించాడు.

"నువ్వు చెప్పినా ఇద్దరం పోతుంటిమి సారూ. ఇంతే," అన్నాడు. అది క్షమించడమో, లెక్క చెప్పడమో నాకు తెలియలేదు. తర్వాత సీట్లో సర్దుకుని బెల్టు వదులు చేసుకుంటూ, "ఇంటికాడ ఏమని చెప్పాలె? దుబాయ్‌ల గడియారం ఆగింది, అందుకే వచ్చిన అంటే నమ్ముతరా?"

"దుబాయ్ కాదు కదన్నా," అన్నాను. ఆ సమయంలో కూడా నాకు మాట సరిదిద్దడమే తోచింది.

"మావోళ్ళకు అంత దుబాయే సారూ," అన్నాడు. వ్యాను కదిలింది. అలవాటుగా నా చెయ్యి వాచీ దగ్గరికి వెళ్ళింది. రెండూ పది. షీట్లో ఆయన వరుసకు ఎదురుగా ఆ సమయం టైపు చేసి, కారణం అన్నచోట ముదీర్ చెప్పిన మాటే టైపు చేశాను. నిర్లక్ష్యం.

ఆయనకు ఒక ఉత్తరం రాశాను. ఊరి పేరు తెలుసు, మండలం తెలియదు. అది చేరిందో లేదో తెలియదు. చేరినా అందులో ఉన్నవి ఆయనకు పనికొచ్చే మాటలు కావు. బాగా రాశాను, అంతే.

కొత్త వంటవాడు కేరళ మనిషి. స్టూలును పొయ్యి దగ్గరికి మార్చుకున్నాడు. పఠాన్ ఆ రోజే కొత్త గడియారం వేసి వెళ్ళాక ఫ్రీజరు ఎన్నడూ మొరాయించలేదు. రోజుకు మూడుసార్లు కింద టక్కుమనేది, వెనక పళ్ళెంలో చుక్కలు పడేవి. వినకూడదనుకున్నా, అన్నం తింటున్నప్పుడు వినిపించేది.

నేను కనిపెట్టిన రిజిస్టరును మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. ముదీర్‌కు అది నచ్చింది. రోజూ పొద్దున్న బస్సులు వెళ్ళాక వంటగదికి వెళ్ళి, ఎన్నడూ పాడవని ఆ గడియను తిప్పేవాణ్ణి. టక్. తేదీ వేసేవాణ్ణి, బాగుంది అని రాసేవాణ్ణి, సంతకం పెట్టేవాణ్ణి. ఆ తర్వాత క్యాంపులో ఉన్న నాలుగేళ్ళూ పెట్టాను. ఆ గళ్ళు గీసింది నేనే కాబట్టి ఒక్కోదానికీ ఎంత చోటుందో నాకు తెలుసు. రిమార్క్స్ కింద, ముదీర్ ముందు నోటికి రాని ఆ రెండు వాక్యాలూ పట్టేవి.

ఆ గడి మాత్రం నాలుగేళ్ళూ ఖాళీగానే వదిలాను.